లా సీటు కోసం నాన్నని చంపిన వైనం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఏ మాటైనా ఇంగ్లీషులో రాస్తే సగం నిజమైపోతుందనీ, దాన్ని కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీస్తే మిగతా సగం కూడా నిజమైపోతుందనీ అనుకునేదాన్ని. (ఇప్పుడు అలాంటి కాగితాలు నిజం కాదని రోజూ నిలబడి చెప్పడమే నా వృత్తి. అది వేరే సంగతి.) అప్పటికి నాకు ఇరవై ఒక్కేళ్ళు. రాజమండ్రిలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఇల్లు కడియం పక్కన, నర్సరీల మధ్య. మా నాన్న ఒక పెద్ద నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టేవాడు. మామిడి, సపోటా, గులాబీ, ఏదైనా సరే ఆయన చెయ్యి పడితే అతుక్కునేది. ఇంట్లో మేమిద్దరమే. నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా, వానాకాలంలో, అమ్మకి జ్వరం వచ్చింది. అయిదో రోజుకి అమ్మ లేదు.

అమ్మ పోయాక నాకూ నాన్నకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నది కాదు, దానంతటదే కుదిరింది. అమ్మ ఊసు ఎత్తకూడదు. "మీ అమ్మ ఉన్నప్పుడు" అనవలసిన చోట నాన్న "అప్పట్లో" అనేవాడు. నేనూ "అప్పట్లో" అనేదాన్ని. వంట నాన్నదే. పులుసులో ఆయన పోసే చింతపండు రసానికి పళ్ళు జివ్వుమనేవి. అమ్మ ఇంత పులుపు వేసేది కాదు అని చెప్పడానికి ఒప్పందం అడ్డొచ్చి, ఆరేళ్ళపాటు ఆ పులుసే తిన్నాను. మనుషులు మౌనంగా ఎంత పులుపైనా తట్టుకోగలరని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఎక్కడో పై రాష్ట్రంలో పేరున్న ప్రైవేటు లా కాలేజీ. మూడేళ్ళ కోర్సు. పల్లెటూళ్ళ నుంచి వచ్చే కొంతమందికి ఫీజు, హాస్టలు అన్నీ వాళ్ళే పెట్టుకుంటారట. కాకపోతే మార్కులొక్కటే చాలవు. "నేను లా ఎందుకు చదవాలనుకుంటున్నాను" అని ఇంగ్లీషులో రెండు పేజీల వ్యాసం రాయాలి. మనల్ని ఎరిగిన ఇద్దరు పెద్దవాళ్ళు సిఫారసు ఉత్తరాలు ఇవ్వాలి. మనం చేసిన సంఘసేవ వివరాలు కావాలి. ఆఖరున ఇంటి పెద్దని వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఆ కాగితం మీద పచ్చటి పచ్చికలో కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్న పిల్లల బొమ్మ ఉంది. కడియం పిల్లకి పచ్చదనం చూపించి ఆశ పెట్టడం ఏమిటో గానీ, నేను పడిపోయాను.

మొదటి సిఫారసు ఉత్తరం కోసం మా పాలిటిక్స్ లెక్చరర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తన పేరున్న తెల్ల కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "నువ్వే రాసుకుని తీసుకురామ్మా, నీ గురించి నాకంటే నీకే బాగా తెలుసు కదా, సంతకం పెట్టేస్తాను," అన్నారు. నన్ను నేను పొగుడుకోవడానికి రెండు రోజులు పట్టింది. సిగ్గుపడుతూ "ఈ విద్యార్థిని ఒక మోస్తరు తెలివైనది, క్లాసులకి తరచుగా వస్తుంది" అని రాసి తీసుకెళ్ళాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి, "ఇంత తక్కువగా పొగిడితే నా పరువేం కావాలమ్మా? ఇరవై ఏళ్ళ నా సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు అని రాయి," అన్నారు. రాశాను. (ఆ ఏడాది ఆయన మొత్తం ఏడుగురికి అదే మాట మీద సంతకం పెట్టారని తర్వాత తెలిసింది.)

రెండో ఉత్తరం నాన్న పనిచేసే నర్సరీ ఆసామి ఇచ్చారు. నన్ను పసిపిల్లప్పటి నుంచీ ఎరిగిన మనిషి. ఆయన ఎరువు బస్తాల మీద కూర్చుని తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసుకున్నాను. "రాసుకో అమ్మా. ఈ పిల్ల ఏ నేలలోనైనా బతుకుద్ది. ఎండకి తట్టుకుంటాది. నీళ్ళు నాలుగు రోజులు లేకపోయినా వాడదు. దూర ప్రయాణానికి పనికొస్తాది," అన్నారు. "బాబాయిగారూ, ఇది మొక్క గురించి చెప్పినట్టుందండి," అన్నాను. "మొక్కకైనా మనిషికైనా ఇంతకంటే ఏం కావాలమ్మా?" అన్నారు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. అన్ని కాగితాల్లోనూ నిజం ఉన్న కాగితం అదొక్కటే. కానీ నాకు అప్పుడు అంత తెలివి లేదు. దాన్ని దిద్దించుకుందామని రాజమండ్రి దానవాయిపేటలో ఒక ఇంటర్నెట్ సెంటరు పై అంతస్తులో ఉండే సారు దగ్గరికి వెళ్ళాను.

ఆయన ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాడు, పైచదువుల అప్లికేషన్లు దిద్దేవాడు. అందరూ అప్లికేషన్ సారు అనేవారు. నా కాగితాలన్నీ చూసి, ముందు సంఘసేవ దగ్గర ఆగాడు. "మొక్కలు నాటినట్టు రాద్దామమ్మా, అందరూ మెచ్చుకుంటారు," అన్నాడు. "మా ఊళ్ళో మొక్కలు నాటడం సేవ కాదండీ, కూలిపని," అన్నాను. ఆయన నా మాట వినిపించుకోకుండా వ్యాసం తీశాడు. అందులో నేను, మా నాన్న అంట్లు కడతాడనీ, మంచివాడనీ, మాకు పెద్దగా ఇబ్బందులు లేవనీ, న్యాయశాస్త్రం అంటే ఇష్టమనీ రాశాను. ఆయన అది చదివి, చేపలో ముల్లు తగిలినట్టు మొహం పెట్టాడు.

"ఇందులో దెబ్బ లేదమ్మా. చదివేవాడికి గొంతు పట్టెయ్యాలి. మీ నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నారా?"

"ఆయ్, బాగానే ఉన్నారండి."

"అదేనమ్మా ఇబ్బంది," అన్నాడు. తర్వాత, ఇంట్లో గ్రైండరుందా అని అడిగినంత మామూలుగా, "ఇంట్లో ఎవరైనా పోయారా? అమ్మగారు ఉన్నారా?" అని అడిగాడు.

ఇప్పటికీ ఆ క్షణం నాకు బాగా గుర్తు. కింద రోడ్డు మీద చెరుకురసం బండి గంట మోగుతోంది. లేదండి, మా అమ్మ పోయిందండి, అని చెప్పాలి. ఆ రెండు ముక్కలకి ఆయన ఎగిరి గంతేసేవాడు, నా పని కూడా అయిపోయేది. కానీ ఆయన అప్పటికే పెన్ను మూత తీసి, నోట్ చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ పెన్ను చూసి నా నోట్లోంచి, "ఉన్నారండి," అని వచ్చేసింది.

"అయితే మరి నాన్నగారిని ఏదో ఒకటి చెయ్యాలి," అన్నాడు అప్లికేషన్ సారు. "ఎవరో ఒకరు పోవాలమ్మా. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు రాసుకురా."

ఇంటికి వచ్చి, నిజమే రాద్దామని కూర్చున్నాను. నాలుగుసార్లు "మా అమ్మ" అని మొదలుపెట్టి నాలుగు కాగితాలు నలిపేశాను. ఆ జ్వరం, ఆసుపత్రి బల్ల మీద నాన్న పక్కన నేను కూర్చోవడం, ఆ అయిదు రోజులూ ఏ ఇంగ్లీషుకీ లొంగలేదు. అయిదో కాగితం మీద నాన్నని చంపాను. ఆశ్చర్యం, చాలా తేలిగ్గా అయిపోయింది. అబద్ధం కదా, ఎక్కడా నొప్పి తగల్లేదు. నర్సరీలో పాము కరిచింది, వాన పడుతోంది, డాక్టరు దొరకలేదు, ఆకాశం బద్దలైంది, అంతా ముప్పావు పేజీ. తర్వాత మిగిలిన పేజీంబావు అమ్మ గురించి రాయవలసి వచ్చింది, ఎందుకంటే అమ్మ ఉందని చెప్పాను కదా. అది రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. అమ్మ పొద్దున్నే కవర్లలో మట్టి నింపే పనికి వెళ్తుంది. వెళ్ళేముందు నాకు జడ వేస్తుంది. జుట్టు గట్టిగా లాగుతుంది, అబ్బా అంటే నవ్వుతుంది. సాయంత్రం గోళ్ళ సందుల్లో ఎర్రమట్టితోనే నా పుస్తకాలు తుడిచి పెడుతుంది. చదువు రాకపోయినా నా పక్కన కూర్చుని, నేను పేజీ తిప్పినప్పుడల్లా తల ఊపుతుంది. అన్నీ నిజాలే. ఒక్క కాలం మాత్రమే మార్చాను. జరిగినవాటిని జరుగుతున్నట్టు రాశాను.

అప్లికేషన్ సారు అది చదివి, "పట్టేసిందమ్మా గొంతు," అన్నాడు. నిజంగానే పట్టేసినట్టుంది, మంచినీళ్ళు తాగాడు. ఆ మధ్యాహ్నమే కింద ఇంటర్నెట్ సెంటర్లో టైపు చేయించి, ఒకసారి సరిచూసుకుని మర్నాడు పంపుదామని, ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. పుస్తకాల మధ్యలో దాచాను. దాచానని నేను అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే, పక్కింటి రిటైరైన ఇంగ్లీషు మాస్టారి అరుగు మీద నాన్న కూర్చుని ఉన్నాడు. నన్ను ఎవరూ చూడలేదు. మందార కంచెకి ఇవతలే నిలబడిపోయాను. ఎందుకంటే మాస్టారి చేతిలో ఉన్నవి నా రెండు పేజీలు. మా అమ్మాయి ఏం రాసిందో కాస్త చదివి చెప్పండి మాస్టారూ, అని నాన్నే పట్టుకెళ్ళాడట. పొద్దున్న నేను వెళ్ళాక స్నానం చేసి, చేతులు తుడుచుకుని మరీ ఆ కాగితాలు ముట్టుకున్నాడట.

"మా లేట్ ఫాదర్ అని రాసిందోయ్," అన్నారు మాస్టారు, ఎటో చూస్తూ.

"నిజమే కదండీ," అన్నాడు నాన్న సంతోషంగా. "మొక్కల లోడు వెళ్ళే రోజున ఇంటికి రావడం లేటవుద్ది. అది కూడా రాసిందా?"

మాస్టారు దగ్గారు. "ఇక్కడ ప్రింటు సరిగా పడలేదోయ్. కింద నుంచి చదువుతాను."

"వద్దండి, వరసలో చదవండి."

"లేట్ అంటే... పోయినవాళ్ళని అలా రాస్తారోయ్."

"ఎవరు పోయారు?"

మాస్టారు కాగితం కేసి చూసి, "నువ్వే," అన్నారు.

"ఎలా పోయాను మాస్టారూ?" అని అడిగాడు నాన్న. పాము కరిచిందనీ, అప్పుడు వాన పడుతోందనీ మాస్టారు చెప్పారు. "ఏ పామో రాసిందా?" అన్నాడు నాన్న. రాయలేదన్నారు మాస్టారు. "ఊఁ, కానివ్వండి," అన్నాడు. అంతసేపూ ఆయన గొంతులో కోపం వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. పక్క ఊళ్ళో ఎవరికో జరిగినదాన్ని వింటున్నట్టు విన్నాడు. తర్వాత మాస్టారు అమ్మ దగ్గరికి వచ్చారు. జడ, ఎర్రమట్టి, పుస్తకాలు తుడవడం, తల ఊపడం, ఒక్కొక్కటే తెలుగులో చెబుతూ వచ్చారు. నాన్న అరుగు మీద ముందుకి వంగాడు. అంతా అయ్యాక, "ఆ జడ ముక్క ఇంకోసారి చదవండి," అన్నాడు. మాస్టారు చదివారు. "ఇంకోసారి," అన్నాడు.

ఇంట్లోకి వచ్చాక నేను ఏడ్చాను. కాగితాలు చింపేస్తానన్నాను. అసలు ఆ కాలేజీయే వద్దన్నాను. నాన్న ఆ కాగితాలు గూట్లో ఎత్తుగా, నాకు అందకుండా పెట్టాడు (ఇరవై ఒక్కేళ్ళదాన్ని, నాకు అందదని ఎందుకనుకున్నాడో).

"నేను పోయానని రాస్తే నాకేం తగ్గిపోద్దమ్మా? ఇదిగో, ఉన్నాను కదా," అన్నాడు. "కానీ మీ అమ్మ ఉందని రాశావు చూడు. అది చింపకు. పంపేయి."

ఆరేళ్ళలో ఆయన "మీ అమ్మ" అనడం అదే మొదటిసారి. మర్నాడు పంపేశాను.

నెల తిరగకుండా ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. విజయవాడలో ఒక హోటల్లో. అమ్మగారిని వెంటబెట్టుకు రమ్మని రాశారు. ఇక్కడ మా బుర్రలు వేడెక్కాయి. రావలసిన మనిషి లేదు. ఉన్న మనిషి పోయాడు. చివరికి నాన్నే తేల్చాడు, "నేను బాబాయినని చెబుదాం. మీ నాన్న తమ్ముణ్ణి. వదినగారికి పని ఉండి రాలేదంటాను." వారం రోజులు తర్ఫీదు ఇచ్చాను. అంట్లు కడుతూ, అన్నం తింటూ తనలో తాను "మా వదిన, మా వదిన" అని అనుకునేవాడు. అమ్మని వదిన అనడానికి నోరు తిరిగేది కాదు. రెండుసార్లు "మీ అమ్మ" అని నాలిక కరుచుకున్నాడు. నవ్వు వచ్చేది. వారంలో మేము "అమ్మ" అనే మాట ఆరేళ్ళకి సరిపడా అన్నామని నాకు అప్పుడు తట్టలేదు.

పొద్దున రైలుకి విజయవాడ వెళ్ళాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళు రెండుసార్లు బ్రష్షుతో తోముకున్నాడు. హోటల్లో చల్లటి గది. బల్లకి అవతల ముగ్గురు. నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు, టై కట్టుకున్న కుర్రాయన ఒకరు. వాళ్ళిద్దరికీ తెలుగు రాదు. మూడో ఆవిడ మన వైపు మేడమే. నన్ను ఇంగ్లీషులో ఏవేవో అడిగారు. రాజ్యాంగం గురించి, పేపర్లో వచ్చిన తీర్పుల గురించి. బాగానే చెప్పాననుకుంటాను, పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించారు. ఆ తర్వాత మేడం నాన్న వైపు తిరిగి, తెలుగులో, "మీరు అమ్మాయికి బాబాయిగారా?" అన్నారు.

"ఆయ్," అన్నాడు నాన్న.

"అన్నయ్యగారి సంగతి చదివామండి. చాలా బాధ అనిపించింది."

"ఆయన సంగతేముందిలెండి, పోయాడు," అన్నాడు నాన్న, తనని తాను చేత్తో పక్కకి తోసేస్తూ.

"మరి అమ్మగారు రాలేదే?"

ఇక్కడిదాకా మేము నేర్చుకున్నట్టే నడిచింది. పనుండి రాలేదండి, అని చెప్పి ఆగాలి. నాన్న చెప్పాడు గానీ ఆగలేదు. "ఈ రోజు లోడు వెళ్తోందండి. అది... మా వదిన లేకపోతే కవర్లు సరిగా పేర్చరు. మట్టి నింపడంలో ఆవిడ చెయ్యే చెయ్యండి. ఈ పిల్ల ఇంటర్వ్యూ అని పొద్దున్నే లేచి, తలంటి, జడ వేసి పంపింది." నా జడ నేనే వేసుకున్నాను. మేడం నా జడ కేసి చూసి చిరునవ్వు నవ్వారు. నాన్నకి ఆ నవ్వు చాలు. మొహంలో నేను ఆరేళ్ళుగా చూడని వెలుగు వచ్చింది. అమ్మ ఎలా నడుస్తుందో, ఎవరితో ఎలా మాట్లాడుతుందో, అన్నం తినేటప్పుడు మొదటి ముద్ద ఎవరికి పెడుతుందో, అన్నీ ఉన్న మనిషిని గురించి చెప్పినట్టు చెప్పుకుపోతున్నాడు. టై కుర్రాయన పెన్ను పక్కన పెట్టేశాడు. మేడం ఆయన చెబుతున్నది ఇంగ్లీషులో మిగతా ఇద్దరికీ చెబుతూ, మధ్యలో, "అమ్మాయిని లాయర్ని చెయ్యాలని ఎవరికి అనిపించిందండీ మొదట?" అని అడిగారు.

"ఆవిడకేనండి," అన్నాడు నాన్న. "దీనికప్పుడు ఏడేళ్ళుంటాయి. ఎవరో తాపేశ్వరం కాజాలు తెచ్చిచ్చారు. డబ్బాలో ఒకటి తగ్గింది. నువ్వే తిన్నావే అందండి. ఇది నడుం మీద చెయ్యేసుకుని, నువ్వు చూశావా, చూడకుండా ఎలా అంటావు, పిల్లి తిన్లేదని నీకు తెలుసా, అని నిలేసిందండి. ఆవిడ నవ్వలేక కూలబడిపోయింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, ఏవండీ, దీన్ని లాయర్ని చేద్దామండీ, మనకి పుట్టవలసింది కాదు ఇది, అంది. తర్వాత కూడా ఎన్నోసార్లు అంది. జ్వరంలో కూడా..."

అక్కడ ఆగిపోయాడు. తను బాబాయినన్న సంగతి గుర్తొచ్చి కాదు. ఆ తర్వాత ఏమయిందో గుర్తొచ్చి. మేడం మొహంలో మొదట అయోమయం కనిపించింది, తర్వాత ఇంకేదో. అమ్మ అలా అన్న సంగతి నాకు తెలియదు. నా వ్యాసంలో "లా ఎందుకు" అన్న ప్రశ్నకి నేను ఎన్ని కాగితాలు నలిపినా దొరకని జవాబు, నాన్న దగ్గర అన్నేళ్ళుగా అలా ఉండిపోయింది. ఒప్పందం కాబట్టి చెప్పలేదు. నేను లేచి నిలబడ్డాను. ఇంగ్లీషంతా ఎటు పోయిందో, తెలుగులోనే, "మేడం, మా అమ్మ లేదండి. నేను టెన్త్‌లో ఉండగా పోయింది. ఈయన మా నాన్నండి. నేనే అబద్ధం రాశాను, ఈయన తప్పేమీ లేదు," అన్నాను.

మేడం దాన్ని మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పారు. పెద్దాయన నా కాగితాలు ఒకసారి తిరగేసి, సర్ది, నా వైపు జరిపారు. కోపగించుకోలేదు. లా చదవబోయే మనిషి సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం ఉండకూడదనీ, ఈ అప్లికేషన్ తీసుకోలేమనీ, వెనక్కి తీసుకున్నట్టు రాసిస్తే అక్కడితో వదిలేస్తామనీ చెప్పారు. రాసిచ్చాను. మేడం గుమ్మం దాకా వచ్చి నాన్నకి మంచినీళ్ళ సీసా ఇచ్చారు. నాన్న రెండు చేతులతో అందుకుని, "పిల్ల మంచిదండి. మొహమాటానికి రాసింది," అన్నాడు. అబద్ధాన్ని అంత మంచి మాటతో వెనకేసుకొచ్చిన వకీలుని నేను ఈనాటిదాకా ఏ కోర్టులోనూ చూడలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. ఏలూరు దాటింది. నేను ఏడుస్తున్నది సీటు పోయినందుకనుకుని, నాన్న పల్లీల పొట్లం కొనిపెట్టాడు. తర్వాత, "ఇంతకీ ఆ కాజా ఎవరు తిన్నారమ్మా?" అన్నాడు.

"నేనే నాన్నా."

"తెలుసు. మీ అమ్మకీ తెలుసు. మూతికి పాకం ఉందంట," అన్నాడు.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూండగానే ఆయనకి ఏడుపొచ్చింది. పక్క సీటులోని ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు పాపం. అక్కడినుంచి కొవ్వూరు వంతెన మీద గోదావరి దాటేదాకా అమ్మ గురించే మాట్లాడుకున్నాం. ఆ అయిదు రోజుల గురించి కూడా. ఆసుపత్రి బల్ల మీద నాకు నిద్రపట్టినప్పుడు అమ్మ ఏమందో చెప్పాడు. అది ఇక్కడ రాయను. ఆ రోజు రాజమండ్రిలో దిగేటప్పటికి నా చేతిలో లా సీటు లేదు. కానీ ఇంటికి ముగ్గురం వెళ్తున్నట్టు అనిపించింది. ఆ రోజే పులుసు సంగతి కూడా చెప్పేశాను. "ఆరేళ్ళబట్టీ చెప్పవేంటి!" అని నాన్న తల కొట్టుకున్నాడు.

తర్వాత కథలో పెద్ద విశేషాలు లేవు. లాసెట్ రాశాను. అక్కడ ఎవరు పోయారో, ఎవరున్నారో అడగరు, సరైన జవాబుకి గుర్తు పెడితే చాలు. రాజమండ్రిలోనే లా చదివాను. ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాను. నల్లకోటు వేసుకున్న మొదటిరోజు నాన్న కోర్టుకి వచ్చి, మా సీనియర్ గారికి నమస్కారం పెట్టి, ఒక గులాబీ అంటు ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి నెలా ఒకటి తెచ్చాడు. ఆ ఆఫీసులో ఫైళ్ళు పెట్టుకునే చోటు లేకుండా పోయింది. రెండేళ్ళ క్రితం ఒకరోజు మధ్యాహ్నం నాన్న అన్నం తిని నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు. పాము లేదు, వాన లేదు, ఆకాశం బద్దలవలేదు. మంచి ఎండ కాసింది. నర్సరీ నుంచి వచ్చినవాళ్ళందరి చేతులూ మట్టిగా ఉన్నాయి.

ఇరవై ఒక్కేళ్ళ ఆ పిల్ల మీద నాకు ఒకప్పుడు చాలా కోపం ఉండేది. ఇప్పుడు లేదు. మొన్న కోర్టు వరండాలో వాయిదా కోసం నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే, ఏదో సరిహద్దు తగాదా మీద ఆలమూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ పక్కకి జరిగి, బల్ల మీద చోటిచ్చింది. "ఏ ఊరమ్మా?" అంది. చెప్పాను. "ఎవరమ్మాయివి?" అంది. అమ్మ పేరూ నాన్న పేరూ రెండూ చెప్పాను. ఆవిడకి వాళ్ళు తెలియదు. అయినా మన వైపు పెద్దవాళ్ళు అడిగినట్టే, "ఇద్దరూ బాగున్నారా?" అంది.

ఆయ్, బాగున్నారండి, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. నల్లకోటు వేసుకుని, కోర్టు వరండాలో కూర్చుని, పన్నెండేళ్ళ అనుభవం పెట్టుకుని! నాకు నవ్వు ఆగలేదు.

"లేరు మామ్మగారూ. ఇద్దరూ లేరు," అన్నాను.

"అయ్యో తల్లీ, మరి నవ్వుతున్నావేంటి?" అంది ఆవిడ బెంబేలెత్తిపోతూ.

మా వాయిదా పిలవడానికి ఇంకా చాలా టైముంది. బల్ల మీద కాస్త సర్దుకుని కూర్చుని, ఆవిడకి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.